నల్లసిరా కింది అక్షరాలు



మనలో చాలామందికి మన మాస్టారి అసలు పేరుకన్నా 'సోషల్ మాస్టారు' అన్న పిలుపే ముందు గుర్తొస్తుంది. బడి తెరిచిన మొదటి వారంలోనే కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకురమ్మనేవారు. బ్రౌన్ పేపరు కొనుక్కునే స్తోమత ఎవరికుంది? అందరివీ పాత న్యూస్‌పేపరు అట్టలే. ఆయన పాఠం మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరి పుస్తకం తీసుకుని అట్ట మీది వార్త చదివించేవారు. తర్వాత లోపలి పాఠం చదివించేవారు. లోపల కాలువలు పొలాలను నిండుగా తడుపుతుండేవి. బయట, శివారు భూములకు నీళ్ళందక రైతులు లాకుల దగ్గర కూర్చుని ఉండేవారు. "రెండూ అచ్చులోనే ఉన్నాయి కదరా, ఏది నిజమో ఎట్లా తేలుస్తావు?" అని అడిగేవారు. జవాబు ఆయన చెప్పేవారు కారు. గంట కొట్టేదాకా మా చేతే చెప్పించేవారు.

అదే ప్రశ్న ఒక దేశంలోని పిల్లలందరికీ ఒకే ఋతువులో ఎదురైన కథ ఇవాళ చెప్పదలచుకున్నాను. 1945లో ఓడిపోయిన జపాన్ కథ. విదేశీ సైన్యం ఏడేళ్ళు ఆ దేశాన్ని ఏలింది. ఆ ఏడేళ్ళలో చదువు కుదుళ్ళతో సహా కదిలింది. దానిని కదిలించిన చేతులు ఎవరివన్నదే నా ప్రశ్న.

ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి గొంతు మొట్టమొదటిసారిగా రేడియోలో వినిపించింది. సెప్టెంబరులో పిల్లలు బళ్ళకు తిరిగి వచ్చారు. చాలాచోట్ల బడి కాలిపోయింది. చెట్టు కిందో, ఆరుబయటో తరగతులు జరిగేవి. 'నీలాకాశపు తరగతులు' అని వాటికి అక్కడ పేరు. ఆ నెల 20న విద్యాశాఖ ఒక ఉత్తర్వు పంపింది. కొత్త పుస్తకాలు వచ్చేదాకా పాతవే వాడండి, కానీ వాటిలో యుద్ధాన్ని, సైన్యాన్ని కీర్తించే భాగాలు, ఇతర దేశాలతో స్నేహానికి అడ్డొచ్చే భాగాలు తీసేయండి అని. తీసేయడమంటే ఎట్లా? కొత్తవి అచ్చు వేయడానికి కాగితం లేదు. జపాన్ పిల్లలకు చేతిరాత తరగతి ఉంటుంది కనుక ప్రతివాడి దగ్గరా కుంచె, సిరాకడ్డీ, నూరుకునే రాయి ఉన్నాయి. ఉపాధ్యాయుడు పుట సంఖ్య, పంక్తి చెబుతుంటే పిల్లలు తమ చేత్తోనే తమ పాఠాల మీద నల్లసిరా పూశారు. కొన్ని బళ్ళలో పుటను వెలుతురుకు ఎత్తి చూపించమనేవారు. అక్షరం ఇంకా కనిపిస్తుంటే మరో పూత పూయాలి.

ఈ దృశ్యం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఏడాది కిందటిదాకా ఆ పుస్తకాన్ని తెరిచే ముందు కళ్ళకద్దుకోమన్న ఉపాధ్యాయుడే ఇప్పుడు దాన్ని నల్లగా కొట్టేయమంటున్నాడు. ఎందుకో చెప్పడు. చాలామందికి చెప్పడానికి నోరు రాలేదు. ఆ తరం పిల్లలు పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ సిరా మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొందరు అప్పట్నుంచి పెద్దల మాట నమ్మడం మానేశామన్నారు. ఇంకొందరు, అచ్చులో ఉన్నదాన్ని ప్రశ్నించడం ఆరోజే మొదలుపెట్టామన్నారు. ఒకే సిరాసీసా లోంచి ఈ రెండూ వచ్చాయి.

మరొకటి గమనించాలి. ఆ ఉత్తర్వు అమెరికన్లు ఇచ్చింది కాదు. చదువు మీద విజేతల ఆదేశాలు అక్టోబరు నుంచి గానీ మొదలు కాలేదు. పాత విద్యాశాఖే, నిన్నటిదాకా ఆ పాఠాలను రాయించిన కార్యాలయమే, విజేతలు వచ్చి చూసేలోపు తన పుస్తకాలను తానే సవరించుకుంది. దీన్ని కేవలం భయమని కొట్టిపారేయలేం, పశ్చాత్తాపమని మెచ్చుకోనూ లేం.

సిరా కింద ఏముందో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. 1890 అక్టోబరు 30న మెయిజీ చక్రవర్తి విద్య గురించి ఒక రాజశాసనం వెలువరించాడు. 315 అక్షరాల చిన్న పాఠం అది. తల్లిదండ్రులను గౌరవించమంది, అన్నదమ్ములు కలిసి ఉండాలంది, చదువుకోమంది. ఆపద వస్తే ధైర్యంగా రాజ్యానికి అర్పించుకుని సింహాసనాన్ని నిలబెట్టమంది. అంత మంచి మాటల వరుసలో ఆ చివరి మాటను చేర్చడంలోనే దాని బలమంతా ఉంది. ప్రతి బడికీ శాసనం ప్రతి ఒకటి, చక్రవర్తి దంపతుల చిత్రాలు వచ్చేవి. వాటిని భద్రపరచడానికి బడి ఆవరణలో చిన్న గుడిలాంటి కట్టడం ఉండేది. మంటల్లోంచి ఆ చిత్రాలను తీసుకురాబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ప్రధానోపాధ్యాయులు ఉన్నారు.

1891 జనవరిలో టోక్యోలోని ప్రథమ ఉన్నత పాఠశాలలో ఆ శాసనానికి వంగి మొక్కే కార్యక్రమం పెట్టారు. ఉచిమురా కాంజో అనే యువ ఉపాధ్యాయుడు, క్రైస్తవుడు, పూర్తిగా వంగడానికి సందేహించాడు. దేశమంతా దుమారం రేగింది. ఉద్యోగం పోయింది. ఈ పేరు గుర్తుంచుకోమని మనవి. యాభై అయిదేళ్ళ తర్వాత ఆయన శిష్యులే మనకు మళ్ళీ ఎదురవుతారు.

యుద్ధకాలపు చదువు గురించి క్లుప్తంగా చెబుతాను. 1941లో ప్రాథమిక పాఠశాలల పేరు మార్చి 'జాతీయ ప్రజా పాఠశాల' అన్నారు. 1943 అక్టోబరు 21న టోక్యో మెయిజీ మందిర మైదానంలో జోరువానలో వేలాది విశ్వవిద్యాలయ విద్యార్థులు తుపాకులు భుజాన వేసుకుని కవాతు చేసి యుద్ధానికి వెళ్ళారు. 1944లో నగరాల పిల్లలను పల్లెలకు తరలించారు. 1945 ఏప్రిల్ నుంచి చిన్న తరగతులు తప్ప మిగతా చదువులన్నీ ఏడాదిపాటు ఆపేశారు. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లలు ఫ్యాక్టరీల్లో ఆయుధాల భాగాలు తయారుచేశారు. ఓడిపోయేనాటికి జపాన్‌లో భవనాలతోపాటు చదువన్నదే మాయమైంది.

ఇక విజేతలు. విజేతల సేనాధిపతి జనరల్ మెకార్థర్ కార్యాలయంలో పౌర సమాచార, విద్యా విభాగం ఒకటి ఏర్పడింది. 1945 చివరి మూడు నెలల్లో నాలుగు ఆదేశాలు వెలువడ్డాయి. యుద్ధవాదులైన ఉపాధ్యాయులను ఏరివేయమన్నారు. షింటో మతానికీ ప్రభుత్వానికీ ఉన్న ముడి తెంపేశారు. డిసెంబరు 31న నీతిశాస్త్రం, జపాన్ చరిత్ర, భూగోళం, మూడు పాఠ్యాంశాలూ ఆపేసి పుస్తకాలు వెనక్కి తీసుకోమన్నారు. చరిత్ర, భూగోళం లేని బడి! సోషల్ మాస్టారు ఇది వింటే ఏమనేవారో.

విచారణ సంఘాల ముందుకు రాకముందే లక్షకు పైగా ఉపాధ్యాయులు తమంతట తాము ఉద్యోగాలు వదిలేశారు. ఆకలి జీతాలు ఒక కారణం. నిన్న తమ చేత్తో యుద్ధానికి పంపిన పిల్లల ముఖాలు ఇంకో కారణం. విచారణలో అనర్హులని తేలినవాళ్ళ కంటే మనసు ఒప్పక వెళ్ళిపోయినవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ. నేను పాఠం చెప్పిన ముప్ఫై ఏళ్ళలో ఈ విషయం నన్ను కలవరపెట్టినంతగా ఇంకేదీ కలవరపెట్టలేదు.

1946 మార్చిలో అమెరికా నుంచి 27 మంది విద్యావేత్తల బృందం వచ్చింది. నాయకుడు జార్జ్ స్టొడార్డ్. నెల తిరక్కుండానే, మార్చి 30న, నివేదిక ఇచ్చారు. ఆరేళ్ళ ప్రాథమిక విద్య, మూడేళ్ళ మాధ్యమిక విద్య, ఈ తొమ్మిదేళ్ళూ అందరికీ నిర్బంధం, ఉచితం, ఆడామగా కలిసి. ఆపై మూడేళ్ళు ఉన్నత పాఠశాల. బడుల పెత్తనం మంత్రిత్వశాఖ నుంచి తీసి ప్రజలు ఎన్నుకున్న మండళ్ళకు ఇవ్వాలి. ఆ బృందంలో చార్ల్స్ జాన్సన్ అనే నల్లజాతి సమాజశాస్త్రవేత్త ఉన్నారు. టెనెసీ రాష్ట్రంలో ఆయన ఇంటి చుట్టుపక్కల నల్లపిల్లలూ తెల్లపిల్లలూ వేర్వేరు బళ్ళకు వెళ్ళేవారు. అది చట్టం. దాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేయడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పట్టింది. ఆయన సంతకంతో జపాన్‌కు అందరూ సమానంగా కలిసి చదవాలన్న సలహా అందింది. ఇచ్చినవారి ఇంట్లో అమలు కాలేదని సలహా విలువ తగ్గదు. కానీ సలహా ఇచ్చిన దేశం తన పుటలను తాను ఎప్పుడు తిరగేసుకుందన్న ప్రశ్న మాత్రం పోదు.

ఆ బృందానికి స్వాగతం చెప్పినవాడు విద్యామంత్రి అబే యోషిషిగే, తత్వశాస్త్ర ఆచార్యుడు. స్వాగత ప్రసంగంలో ఆయన విజేతలకు ఒక విన్నపం చేశాడు. ఓడినవాడిగా ఉండటం కష్టమే, గెలిచినవాడిగా ఉండటమూ అంతే కష్టం. గెలిచిన గర్వంతో అవసరానికి మించి విజేతల్లా ప్రవర్తించవద్దని. మేము గెలిచినచోట మేమూ తప్పు చేశామన్న ఎరుక ఆ మాటల్లో ఉంది. ఆ ఎరుక ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదు. యుద్ధానికి ముందు చాలా ఏళ్ళు సియోల్‌లో జపాన్ పెట్టిన విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. కొరియా పిల్లల నోట్లోంచి వాళ్ళ మాతృభాషను జపాన్ ఎట్లా తుడిచేసిందో దగ్గరనుంచి చూశాడు.

బృందంతో కలిసి పనిచేసిన జపాన్ విద్యావేత్తల సంఘానికి అధ్యక్షుడు నంబరా షిగేరు, టోక్యో విశ్వవిద్యాలయాధిపతి. ఆయన ఉచిమురా కాంజో శిష్యుడు! 1937లో యుద్ధాన్ని వ్యతిరేకించి ఆచార్య పదవి పోగొట్టుకున్న యనైహరా తదావో కూడా ఉచిమురా శిష్యుడే. నంబరా తర్వాత విశ్వవిద్యాలయాధిపతి ఆయనే అయ్యాడు. 1947లో విద్యామంత్రి అయిన మొరితో తత్సువో సంగతి చూడండి. 1920లో రష్యన్ అరాచకవాది క్రొపొట్కిన్ మీద ఒక వ్యాసం రాసినందుకు ఉద్యోగం పోయి, జైలు పాలైనవాడు. పదవి దిగాక హిరోషిమాకు వెళ్ళి, బూడిదైన ఆ ఊళ్ళో కొత్త విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆడపిల్లల చదువు కోసం ఎన్నో ఏళ్ళు కష్టపడిన కవాయ్ మిచి, హోషినో ఆయ్ లాంటివాళ్ళూ ఈ సంఘాల్లో కూర్చున్నారు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. జపాన్ చదువును అమెరికన్లు మార్చారని ఒక వర్గం గర్వంగా చెప్పుకుంటుంది. విదేశీయులు రుద్దారని ఇంకో వర్గం కోపంగా చెబుతుంది. రెండూ ఒకే పొరపాటు. ఈ మనుషులు ముప్ఫై, నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు. తలుపుకు వేసిన తాళాన్ని విజేతలు పగలగొట్టారు, నిజం. లోపల నడిచినవాళ్ళు మాత్రం ఈ ఇంటివాళ్ళే. 1946 ఆగస్టులో ఏర్పడిన విద్యా పునర్నిర్మాణ సంఘంలో ఒక్క విదేశీయుడూ లేడు. తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్యను ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలని పట్టుబట్టింది ఆ సంఘమే.

జర్మనీని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అక్కడా ఓటమి, అక్కడా అమెరికన్ ఏలుబడి, అవే సలహాలు. పిల్లలను పదేళ్ళకే మూడు రకాల బళ్ళకు విడగొట్టే పద్ధతి మానుకోమన్నారు. బవేరియా విద్యామంత్రి హుండ్‌హామర్ ససేమిరా అన్నాడు. ప్రజలూ ఆయన వెనకే నిలబడ్డారు. సైన్యం చేతిలో ఉన్నా అమెరికన్లు నెగ్గలేకపోయారు. ఆ మూడు దారుల బడి అక్కడ అట్లాగే నిలిచింది.

జపాన్‌లోనూ అడిగేవాళ్ళు లేని సంస్కరణ నిలవలేదు. చైనా నుంచి వచ్చిన చిత్రాక్షరాలు వదిలేసి రోమన్ లిపిలో రాసుకోమని అమెరికన్ బృందం గట్టిగా సలహా ఇచ్చింది. ఇన్ని వేల అక్షరాలు నేర్వడానికే బాల్యమంతా పోతుంటే ప్రజాస్వామ్యం ఎప్పుడు నేరుస్తారన్నది వాళ్ళ వాదం. ఆ రోజుల నిస్పృహ ఎంతటిదంటే, ప్రసిద్ధ నవలాకారుడు షిగా నవోయా అసలు జపాన్ భాషే వద్దు, ఫ్రెంచిని జాతీయభాషగా చేసుకుందామని ఒక పత్రికలో రాశాడు. ఓటమి మనిషిని తన నాలుక మీద తానే అసహ్యపడేటట్లు చేస్తుంది. వలసపాలన చూసిన మనకు ఇది అర్థమవుతుంది. 1948లో దేశవ్యాప్తంగా దాదాపు 17 వేల మందికి చదవడం, రాయడం పరీక్ష పెట్టారు. ఏమాత్రం చదవలేని, రాయలేనివారు నూటికి ఇద్దరే తేలారు. లిపే చదువుకు అడ్డమన్న వాదం అక్కడితో కూలిపోయింది. నిలిచిందల్లా జపనీయులు తమకు తాముగా ఏళ్ళ తరబడి చర్చించుకున్న మార్పు: 1946 నవంబరులో రోజువారీ వాడుకకు 1,850 అక్షరాల జాబితా, ఉచ్చారణకు దగ్గరైన వర్ణక్రమం. కొత్త రాజ్యాంగాన్ని కూడా పాత గ్రాంథిక శైలిలో కాక మాట్లాడే భాషకు దగ్గరగా రాయాలని యమమోతో యూజో అనే రచయిత, ఆయన మిత్రులు ప్రభుత్వాన్ని అడిగి సాధించారు. గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు తెలిసిన సభలో ఆ గెలుపు విలువ నేను వేరే చెప్పనక్కరలేదు.

1947 మార్చి 31న విద్యా మౌలిక చట్టం, పాఠశాల విద్యా చట్టం వచ్చాయి. చదువు ఏ అనుచితమైన అదుపుకూ లోబడకూడదు, ప్రజలందరికీ నేరుగా జవాబుదారీ కావాలి అని మౌలిక చట్టం పదవ అధికరణం చెప్పింది. ఈ పదవ అధికరణాన్ని కూడా గుర్తుంచుకోండి. అంతకుముందు ఆరో తరగతి దాటగానే దారులు చీలిపోయేవి. డబ్బున్న మగపిల్లాడు ఒక బడికి, ఆడపిల్ల ఇంకో బడికి, పేదవాడు పొలానికో ఫ్యాక్టరీకో. ఇప్పుడు అందరికీ ఒకే మాధ్యమిక పాఠశాల. చట్టం వచ్చిన మర్నాడే, ఏప్రిల్ 1న, కొత్త బడి మొదలు కావాలి! భవనాలు లేవు, బెంచీలు లేవు, డబ్బు లేదు. గుర్రపుశాలల్లో, గిడ్డంగుల్లో, ప్రాథమిక పాఠశాలల వరండాల్లో పెట్టారు. ఊరి అడవిని అమ్మి గోడలు లేపిన పల్లెలున్నాయి. ఊరివాళ్ళే దుంగలు మోసి, రాళ్ళు ఏరి కట్టుకున్నారు. డబ్బు పుట్టించలేక కొందరు గ్రామాధ్యక్షులు రాజీనామా చేశారు. ఉత్తర్వుకు భయపడి ఎవరూ అడవిని అమ్ముకోరు. ఆరో తరగతితో ఆగిపోయిన తల్లిదండ్రులు పిల్లల కోసం అమ్ముకున్నారు.

1946లో వచ్చిన తాత్కాలిక పాఠ్యపుస్తకాల గురించి చదివినప్పుడల్లా నాకు మాస్టారే గుర్తొస్తారు. అవి పుస్తకాలే కావు. న్యూస్‌పేపరులా పెద్ద కాగితాల మీద అచ్చయి వచ్చేవి. పిల్లలే మడతపెట్టి, కోసి, కుట్టుకోవాలి. మనకు న్యూస్‌పేపరు అట్ట అయింది, వాళ్ళకు పాఠమే అట్లా వచ్చింది. ఆ శరదృతువులో విడుదలైన 'కుని నో అయుమి', అంటే 'దేశపు అడుగుజాడలు' అన్న కొత్త చరిత్ర పుస్తకం పాతవాటిలా సూర్యదేవత కథతో మొదలు కాలేదు. రాతి పనిముట్లతో మొదలైంది. దాన్ని రాసినవారిలో ముప్ఫైమూడేళ్ళ చరిత్రకారుడు ఇయెనాగా సబురో ఒకరు. మరుసటి ఏడాది వచ్చిన 'కొత్త రాజ్యాంగం కథ' అనే చిన్న పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. పెద్ద కాగులో పైనుంచి బాంబులు, యుద్ధవిమానాలు వేస్తుంటే కింద నుంచి రైళ్ళు, ఓడలు బయటికి వస్తుంటాయి.

ఆకలి సంగతి చెప్పకుండా ఆనాటి చదువు గురించి మాట్లాడటం అన్యాయం. 1946 డిసెంబరు 24న టోక్యోలోని నగాతా ప్రాథమిక పాఠశాలలో విదేశీ సహాయంతో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. పాలపొడి నీళ్ళలో కలిపిన పాలు, కాస్త పులుసు. ఆ పాల వాసన నచ్చేది కాదని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ అంటారు, ముక్కు మూసుకుని తాగి బతికామనీ అంటారు. ఆ సరుకు పంపినవారిలో అమెరికా చర్చి సంఘాలతోపాటు అక్కడ స్థిరపడిన జపనీయులూ ఉన్నారు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ముళ్ళకంచెల శిబిరాల్లో బంధించినవాళ్ళు వీళ్ళు. బయటికొచ్చి మొదట చేసిన పనుల్లో ఇదొకటి.

ఇప్పుడొక బడికి తీసుకెళ్తాను. యమగత మండలంలోని కొండల్లో యమమోతో అనే పల్లె. మంచు విపరీతం. 1948లో ముచాకు సెయిక్యో అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు అక్కడి మాధ్యమిక పాఠశాలకు ఉపాధ్యాయుడిగా వచ్చాడు. తరగతిలో 43 మంది. కొత్తగా వచ్చిన పాఠ్యాంశం 'సామాజిక శాస్త్రం', మన భాషలో సోషల్. పుస్తకం తెరిస్తే, గ్రామాల్లో మంచి బళ్ళున్నాయి, పిల్లలు చదువుకోవడానికి సదుపాయాలన్నీ ఉన్నాయన్నట్లుగా రాసుంది. పిల్లలు తల ఎత్తి చూశారు. గడ్డికప్పు. చిరిగిన కాగితపు తలుపుల్లోంచి మంచు తుంపర లోపలికి పడుతోంది. ఒక్క పటం లేదు. ప్రయోగాలకు సామగ్రి లేదు.

ముచాకు ఆ పుస్తకాన్ని పక్కన పడేయలేదు. ఇది ఎందుకిట్లా ఉందో మనమే కనిపెడదామన్నాడు. పిల్లల చేత ఇంటి లెక్కలు రాయించాడు. పొగాకు పంటలో ఎంత వస్తుంది, ఎంత అప్పు, బడి మానేసి బొగ్గు మోసిన రోజులెన్ని. తల్లి చనిపోయిన ఒక పిల్లాడు రాసిన వ్యాసం నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఏడుపు మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. అమ్మ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది, అయినా అప్పు తీరలేదు, అమ్మకంటే ఎక్కువ కష్టపడితే నాకు తీరుతుందా అని లెక్కవేసి చూసుకుంటాడు. వాడి పనిలో కొంత తోటిపిల్లలు పంచుకుని వాణ్ణి బడికి రప్పిస్తారు. ఆ వ్యాసానికి 1950లో విద్యామంత్రి బహుమతి వచ్చింది. తరగతి రచనలన్నీ 1951లో 'యమబికో గక్కో' పేరుతో, అంటే ప్రతిధ్వని పాఠశాల అన్న పేరుతో, పుస్తకంగా వచ్చి దేశాన్ని కదిలించాయి. మరుసటి ఏడాది సినిమా కూడా అయింది.

ఈ పద్ధతి అమెరికా నుంచి రాలేదు. జీవితాన్ని ఉన్నదున్నట్లు పిల్లల చేత రాయించడం ఉత్తర జపాన్ పల్లెల్లో 1930లలోనే పేద ఉపాధ్యాయులు మొదలుపెట్టారు. 1940 నుంచి పోలీసులు వాళ్ళను అరెస్టు చేశారు. పిల్లల పేదరికం గురించి పిల్లల చేతే రాయించడం రాజద్రోహమన్నారు. ఆరిపోయిందనుకున్న ఆ నిప్పునే ముచాకు మళ్ళీ ఊదాడు. విషాదమేమిటంటే, పుస్తకం పేరుపొందాక ఊరి పరువు తీశాడని ఊళ్ళో కొందరు ఆయన మీద కోపం పెంచుకున్నారు. చివరికి ఆయన ఆ పల్లె వదిలి టోక్యో వెళ్ళిపోవలసి వచ్చింది. నేర్పిన చోట నిలవలేకపోయాడు.

పిల్లలు ప్రజాస్వామ్యాన్ని ఎంత నిజంగా తీసుకున్నారో చెప్పే ఇంకో ముచ్చట ఉంది. దానికి మన దేశంతో సంబంధముంది. 1943లో బాంబులు పడితే జంతువులు తప్పించుకుంటాయన్న భయంతో టోక్యో ఉయెనో జంతుప్రదర్శనశాలలో మూడు ఏనుగులను ఆకలితో మాడ్చి చంపారు. యుద్ధం తర్వాత బడి పిల్లలకు సభ నడపడం, తీర్మానం చేయడం నేర్పుతూ పిల్లల పార్లమెంట్లు పెట్టారు. టోక్యోలోని తైతో ప్రాంతపు పిల్లల పార్లమెంటు 1949లో ఒక తీర్మానం చేసింది: మాకు ఏనుగు కావాలి! వేలకొద్దీ ఉత్తరాలు, బొమ్మలు భారత ప్రధాని నెహ్రూకు చేరాయి. ఆయన తన కూతురి పేరు పెట్టి 'ఇందిర' అనే ఏనుగును పంపారు. సెప్టెంబరులో అది టోక్యో వీధుల్లో నడుస్తుంటే జనం కిక్కిరిసిపోయారు. తాము చేయెత్తి ఓటేస్తే సముద్రం దాటి ఏనుగు వచ్చింది. ఏ పాఠ్యపుస్తకం ఇంతకంటే బాగా చెబుతుంది?

ఇంత చెప్పాక విజేతల పుటల మీద సిరా గురించి చెప్పకపోతే మాస్టారికి ద్రోహం చేసినట్లే. వాక్‌స్వాతంత్ర్యం నేర్పిన ప్రభుత్వమే ప్రతి పత్రికనూ, ప్రతి పాఠ్యపుస్తకాన్నీ తన గదిలో చదివి కోతపెట్టింది. కోత పడిందని చెప్పడం కూడా నిషిద్ధం. అణుబాంబు బాధలను రాయడానికి ఏళ్ళపాటు వీలు లేకపోయింది. హిరోషిమా పిల్లల చేత ఆచార్య ఒసాదా అరాతా రాయించిన జ్ఞాపకాలు 1951లో గానీ పుస్తకంగా రాలేదు.

కొరియా పిల్లలకు జరిగింది ఇంకా బాధాకరం. జపాన్ ఓడిపోగానే అక్కడ మిగిలిన కొరియన్లు, లాక్కున్న తమ భాషను పిల్లలకు తిరిగి నేర్పుకోవడానికి తామే వందల బళ్ళు పెట్టుకున్నారు. 1948లో ఆ బళ్ళు జపాన్ చట్టానికి లోబడాలని, లేకపోతే మూసేయాలని విద్యాశాఖ ఉత్తర్వులిచ్చింది. వెనక అమెరికన్ కార్యాలయం ఉంది. ఏప్రిల్‌లో కోబే నగరంలో తల్లిదండ్రులు ఎదురుతిరిగితే అమెరికన్ సైనికాధికారి అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఏడేళ్ళ ఏలుబడిలో అట్లా ప్రకటించింది ఆ ఒక్కసారే. ఒసాకాలో పోలీసు కాల్పుల్లో కిమ్ తే-ఇల్ అనే పదహారేళ్ళ పిల్లాడు చనిపోయాడు. అబే యోషిషిగే విన్నపం చేసి అప్పటికి రెండేళ్ళే అయింది. కొరియా పిల్లల విషయంలో విజేతలూ ఓడినవాళ్ళూ ఒక్కటయ్యారు.

ప్రచ్ఛన్నయుద్ధం ముదిరేకొద్దీ గాలి మారింది. 1949లో వాల్టర్ ఈల్స్ అనే అమెరికన్ సలహాదారు నియిగాత విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ కమ్యూనిస్టు ఆచార్యులను తొలగించాలన్నాడు. తర్వాత చాలాచోట్ల ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. మళ్ళీ సైన్యం ఊసు మొదలవుతుంటే 1951 జనవరిలో ఉపాధ్యాయ సంఘం ఒక నినాదం తీసుకుంది: మా పిల్లలను మళ్ళీ యుద్ధభూమికి పంపం. 1952 ఏప్రిల్ 28న విదేశీ ఏలుబడి ముగిసింది. 1956లో, పార్లమెంటు ఎగువసభలోకి 500 మంది పోలీసులను రప్పించి మరీ, ఎన్నికైన విద్యామండళ్ళను రద్దు చేశారు. వాటి కోసం పల్లెలు పెద్దగా కన్నీరు కార్చలేదు. అదే సమయంలో తొమ్మిదేళ్ళ బడిని, ఆడపిల్లల చదువును, మధ్యాహ్న భోజనాన్ని ఎవరూ తాకలేకపోయారు. 1950లో ఉన్నత పాఠశాలకు వెళ్ళినవారు నూటికి 42 మంది. 1974కు 90 దాటింది.

ఇక ఇయెనాగా సబురో. యుద్ధకాలంలో తాను నోరు మూసుకుని పాఠం చెప్పానని, పిల్లలను ఆపలేకపోయానన్న బాధ ఆయనను జీవితాంతం దహించింది. విదేశీ సైన్యం వెళ్ళాక ఆయన రాసిన ఉన్నత పాఠశాల చరిత్ర పుస్తకాన్ని విద్యాశాఖ పరిశీలకులు సవరించమన్నారు. యుద్ధాన్ని మరీ చీకటిగా చూపించావన్నారు. 1965లో ఆయన ప్రభుత్వం మీద దావా వేశాడు. తర్వాత మరో రెండు. 1970 జులైలో టోక్యో జిల్లా కోర్టు, ఆయన పుస్తకాన్ని కొట్టేయడం రాజ్యాంగానికీ, ఇందాక గుర్తుంచుకోమన్న పదవ అధికరణానికీ విరుద్ధమంది. పై కోర్టుల్లో ఆ విజయం నిలవలేదు. 2006లో ఆ అధికరణాన్ని కూడా మార్చేశారు. ప్రజలకు నేరుగా జవాబుదారీ అన్న మాట పోయింది. ఆడామగా కలిసి చదవడం గురించిన అధికరణమూ పోయింది.

1983లో ఆయన పుస్తకంలో ఒక పేరా తీసేయమన్నారు. చైనాలో 731వ దళమనే జపాన్ సైనిక విభాగం బతికున్న ఖైదీల మీద రోగక్రిములతో చేసిన ప్రయోగాల గురించిన పేరా. సిరా లేదు, కుంచె లేదు, ఒక అధికారిక పత్రం మాత్రమే. దాని మీద మూడో దావా వేశాడు. 1997 ఆగస్టు 29న జపాన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాఠ్యపుస్తకాలను ప్రభుత్వం పరిశీలించవచ్చంది. కానీ ఆ పేరాను తీయించడం చట్టవిరుద్ధమంది. నష్టపరిహారంగా ప్రభుత్వం 4 లక్షల యెన్‌లు చెల్లించాలంది. మొదటి దావా వేసి 32 ఏళ్ళు. తీర్పు వచ్చిన అయిదు రోజులకు ఇయెనాగాకు 84 నిండాయి.